వెనక బేరింగు

మా పవర్ హౌస్ కాలనీలో ‘ఆరు తీసెయ్’ అనే మాట ఒకటి చలామణిలో ఉండేది. కూరగాయలామె ధర ఎక్కువ చెప్పినా, ఎవరైనా పిల్లల గొప్పలు చెప్పుకున్నా, రేడియోలో వాన సంగతి చెప్పినా, వినేవాళ్లు ‘ఆరు తీసెయ్’ అనుకొని నవ్వేవాళ్లు. బదిలీ మీద కొత్తగా వచ్చినవాళ్లకు ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలియకపోయినా నెల తిరక్కుండానే వాడడం నేర్చుకునేవాళ్లు. అది మా బాపు, అంటే మా నాన్న మీద పుట్టిన మాట. పదో తరగతిలో నాకు మంచి మార్కులొచ్చాయని అవ్వ (అమ్మను అలాగే పిలిచేదాన్ని) చక్కెర పంచుతుంటే, పక్క క్వార్టరాయన చక్కెర నోట్లో వేసుకుంటూ ఆ మాటే అన్నాడు. నాకు ముక్కు మీద కోపం. అవ్వ చేతిలోని గిన్నె లాక్కొని లోపలికి వచ్చేశాను. బాపు మాత్రం అందరితో పాటు నవ్వాడు.

ఆ నవ్వు చూసి నాకు ఆయన మీదే కోపం వచ్చింది. ఆ కోపం చాలా ఏళ్లు నాలో ఉండిపోయింది. ఇక్కడ రాస్తున్నదంతా ఆ కోపం నాతో చేయించిన పని గురించే.

బాపుది ఖానాపూర్ దగ్గర పల్లె. అన్నదమ్ములు నలుగురు, ఉన్న భూమి ఇద్దరికే చాలదు. ఎనిమిదో తరగతి చదివిన బాపును 1969లో ఊరివాళ్లెవరో గోదావరి అవతలికి, కొత్తగా కడుతున్న పవర్ హౌస్‌లో కూలికి తీసుకుపోయారు. మొదట ఇనుప సామాను మోశాడు. తర్వాత యంత్రాలు బిగించేవాళ్లకు పానాలు అందించాడు. కరెంటు తీయడం మొదలయ్యాక, బాయిలర్‌లోకి నీళ్లు తోసే పెద్ద పంపు దగ్గర ఆపరేటర్ అయ్యాడు. ఆ పంపు ఆగితే బాయిలర్ ఆగుతుంది, బాయిలర్ ఆగితే కరెంటు ఆగుతుంది. ఆసిఫాబాద్‌లో ఉన్న మూడేళ్లు తీసేస్తే ఆయన నౌకరీ అంతా ఆ పంపు పక్కనే గడిచింది.

పంపు ఇరుసు రెండు బేరింగుల మీద తిరుగుతుంది. ముందు బేరింగు నడిచే దారిలోనే ఉంటుంది. వెనకది గోడకూ వేడి ఆవిరి పైపుకూ మధ్య ఇరుకు సందులో ఉంటుంది. గంటగంటకూ ఆ వెనకది ఎంత వేడిగా ఉందో చూసి లాగ్ షీటులో రాయాలి. బరువు ఎక్కువగా దాని మీదే పడుతుంది కాబట్టి, చెడితే ముందు అదే చెడుతుంది. అక్కడి థర్మామీటర్ చూడాలంటే పక్కకు తిరిగి, కడుపు లోపలికి పీల్చుకొని ఆ సందులో దూరాలి. ఎవరూ దూరేవాళ్లు కాదు. ముందు బేరింగు దగ్గర నిలబడి అక్కడి అంకె చూసి, దాన్నే వెనకదాని గడిలో రాసేవాళ్లు. అది మోసమని ఎవరూ అనుకోలేదు. కొత్తగా డ్యూటీకి వచ్చినవాడికి మొదటి రోజు చాయ్ తాగించి ఆ పద్ధతి కూడా నేర్పేవాళ్లు.

బాపుకు ఆ పంపును బిగించిన పెద్దమనిషి వెనకకు వెళ్లి చూడమని చెప్పాడు. అందుకని బాపు ఎప్పుడూ వెనకకే వెళ్లి చూశాడు. ఆయన ఎడమ భుజం మీద ఆవిరి పైపు తగిలి కాలిన మచ్చలు ఒకదాని మీద ఒకటి ఉండేవి. అవ్వ వాటికి కొబ్బరినూనె రాస్తూ, అందరికీ లేని బాధ నీకెందుకని తిట్టేది. ఆయన చొక్కా తొడుక్కొని లేచిపోయేవాడు.

మూడు షిఫ్టులు, ముగ్గురు మనుషులు, వారం వారం షిఫ్టులు మారేవి. ఇద్దరు రాసిన అంకె ఒకటి, బాపు రాసిన అంకె ఇంకొకటి. తేడా ఎప్పుడూ ఆరు డిగ్రీలు.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక ఎండాకాలం ఆ తేడా పదికి పెరిగింది. బాపు షిఫ్టు ఆఫీసరు దగ్గరికి వెళ్లి పంపు ఆపాలని పట్టుబట్టాడు. ఆయన వినకపోతే ఆయన పైవాడి దగ్గరికి వెళ్లాడు. మొత్తానికి ఆపారు. బేరింగు విప్పడానికి వచ్చిన ఫిట్టరు బాపు స్నేహితుడు, నిర్మల్ నుంచి వచ్చి స్థిరపడిన ముస్లిం. నేను ఆయన్ను చిచ్చా అనేదాన్ని. ఇద్దరూ పవర్ హౌస్‌లో ఒకే ఏడు చేరారు, ఒకే సైకిల్ మీద డ్యూటీకి వెళ్లేవాళ్లు. బేరింగు రెండు ముక్కలుగా ఉంటుంది, పై ముక్క, కింది ముక్క. పై ముక్క మూత తీసినట్టు తీయొచ్చు. కింది ముక్క చూడాలంటే ఇరుసు పైకి లేపాలి, దానికి రెండు రోజులు పడుతుంది. ఊళ్లలో మోటార్లకు కరెంటు లేదని పైనుంచి ఒకటే ఫోన్లు. ఆఫీసర్లు పై ముక్క తీయించి చూశారు. అది తళతళా మెరుస్తూ ఉంది. మూసెయ్యమన్నారు. చిచ్చా ఊరుకోలేదని బాపు తర్వాత చెప్పేవాడు.

“బరువంత కింది ముక్క మీదనే ఉంటది సార్. పై ముక్క జూస్తే ఏం ఎర్కైతది?” అన్నాడట.

ఎవరూ చెవిన వేసుకోలేదు. విప్పినప్పుడు పాత నూనె తీసి కొత్త నూనె పోశారు, దాంతో వేడి కొంత దిగి, తేడా మళ్లీ ఆరు దగ్గర ఆగింది. పంపులో ఏ లోపమూ లేదనీ, ఆపరేటరు తప్పుడు రిపోర్టు వల్ల పంపు ఆగిందనీ కాగితం తయారైంది. బాపు సర్వీసు బుక్కులో ‘తప్పుడు రిపోర్టు’ అని ఎర్ర సిరాతో రాశారు. ఆసిఫాబాద్ సబ్‌స్టేషన్‌కు బదిలీ చేశారు.

క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. అవ్వా నేనూ ఖానాపూర్ దగ్గర మా పల్లెకు, నానమ్మ దగ్గరికి చేరాం. ఆ మూడేళ్లు బాపు రెండు వారాలకోసారి బస్సులో వచ్చేవాడు, సీతాఫలాల కాలంలో సంచీ నిండా పళ్లు తెచ్చేవాడు. పెద్దనాన్నలు పొలం పని చెప్పుకుంటుంటే ఆయన ఒక పక్కన చుట్టంలా కూర్చునేవాడు. అవ్వకు తోడికోడళ్ల మధ్య ఇంటెడు చాకిరీ. రాత్రీ పగలూ వినబడే పవర్ హౌస్ హోరు లేక నాకు ఆ ఊళ్లో నిద్ర పట్టేది కాదు. అంతా బాపు మొండితనం వల్లే వచ్చిందని అవ్వ అనేది. నేనూ అదే నమ్మాను.

మూడేళ్ల తర్వాత ఆయన్ను తిరిగి పిలిపించారు. ఆ పంపు దగ్గర పని చేయడానికి ఎవరూ ముందుకు రాకపోవడమే కారణం. ఆయన తిరిగొచ్చిన మొదటి రోజే మళ్లీ వెనకకు వెళ్లి చూసి, ఆరు ఎక్కువగా రాశాడు. కాలనీలో ఆ మాట పుట్టింది అప్పుడే. కానీ ఆయనలో ఒక మార్పు వచ్చింది. ఇక ఏ ఆఫీసరుకూ ఏమీ చెప్పేవాడు కాదు. “రాసుడు నా పని. చెప్పుడు బంద్ చేసిన” అనేవాడు చిచ్చాతో.

నేను కరీంనగర్‌లో డిప్లొమా చదివాను. తర్వాత అక్కడే ఒక సందులో, మేడ మీద గదిలో కంప్యూటర్ నేర్పేవాళ్ల దగ్గర ఆరు నెలలు నేర్చుకున్నాను. తొంభైల మొదట్లో మా పవర్ హౌస్‌కు కంప్యూటర్ వచ్చినప్పుడు, దాన్ని ముట్టుకోవడానికి ధైర్యం ఉన్న మనిషి కావాలని నన్ను టెంపరరీగా తీసుకున్నారు. పాత రికార్డు గదిని ఖాళీ చేసి, సున్నం వేసి, ఏసీ పెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. బొగ్గు మసితో వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే ఆగి, గుళ్లోకి తొంగి చూసినట్టు చూసి వెళ్లేవాళ్లు. నాకు లోపల లోపల గర్వంగానే ఉండేది.

కంప్యూటర్‌తో పాటు ఒక ప్రోగ్రామ్ వచ్చింది, దాన్ని నేర్పడానికి హైదరాబాద్ నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. యంత్రాలన్నీ పాతబడ్డాయి. కొత్తవి వచ్చేలా లేవు. ఏ యంత్రం ఇంకెంత కాలం ఓపుతుంది, దేన్ని ఎప్పుడు విప్పి చూడాలి అన్నది ఆ ప్రోగ్రామ్ చెబుతుంది. అందుకు దానికి పాత సంగతులన్నీ కావాలి. పదేళ్ల లాగ్ షీట్లలో రోజూ పొద్దుటి షిఫ్టువాళ్లు రాసిన వేడి, అదురు, నూనె ఒత్తిడి, అన్నీ అంకెల్లో ఎక్కించాలి. ఎక్కిస్తే తెర మీద ఒక్కొక్క అంకె ఒక్కొక్క చుక్కగా పడుతుంది, చుక్కలన్నీ కలిపి ఒక గీత గీస్తుంది. గీత పైకి లేస్తుంటే యంత్రం చెడుతోందని అర్థం.

ఎక్కించడం అయిపోయిన షీట్లను ఎక్కడా దాచే చోటు లేదు. రికార్డు గది నా గదే అయింది కదా. కట్ట పూర్తికాగానే ‘అన్ని రీడింగులూ ఎక్కించాను, కాగితాలు తీసివేయవచ్చు’ అని రిజిస్టర్‌లో రాసి నేను సంతకం చేసేదాన్ని. కట్టలు లారీలో పోయేవి. కొన్ని గేటు ముందు మిర్చి బజ్జీల బండి దగ్గర పొట్లాలయ్యాయి.

బాపు పంపు షీట్లు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. గీత తిన్నగా నడిచి, మూడు వారాల్లో బాపుకు పొద్దుటి షిఫ్టు పడిన ఒక వారం గోడ కట్టినట్టు పైకి లేచి, మళ్లీ తిన్నగా దిగేది. హైదరాబాద్ కుర్రాడు తెర చూసి చాలాసేపు ఆలోచించాడు. డ్యూటీ మీద మనిషి మారితే యంత్రం వేడెక్కదు కదా, ఇది యంత్రం జబ్బు కాదు, ఎవరో చూడడం రాని మనిషి రాతలు అన్నాడు. అలాంటి చుక్కలకు తప్పు గుర్తు పెట్టడానికి ఒక మీట ఉంది. నొక్కితే ప్రోగ్రామ్ ఆ చుక్కను తీసి పారేస్తుంది, ఎక్కడా దాచుకోదు. అనుమానం ఉంటే షిఫ్టు ఆఫీసరును అడిగి నొక్కమన్నాడు. ఈయన చూడడం రాని మనిషి కాదు, మిగతావాళ్లు వెళ్లని చోటికి వెళ్లి చూస్తాడు అని నేను చెప్పొచ్చు. భుజం మీది మచ్చలు నాకంటే ఎవరికి తెలుసు? కానీ అది చెప్పాలంటే ఆయన మా బాపు అని చెప్పాలి, ఆరు సంగతి చెప్పాలి. ఆ కుర్రాడు ఒక వారంలో ఆ మాట నేర్చుకొని నా ముందే అంటాడు. నేను ఎవరినీ అడగలేదు. మీట నొక్కడం మొదలుపెట్టాను.

పదేళ్ల షీట్లలో బాపు చేతిరాత ఉన్న ప్రతి వారాన్నీ తీసేశాను. ఆయన నాలుగును పైన మూసి రాస్తాడు, ఏడుకు నడుమ అడ్డగీత పెడతాడు. సంతకం చూడకుండానే గుర్తుపట్టేదాన్ని. పని పూర్తయ్యాక తెర మీద గీత చూస్తే ఎక్కడా ఎత్తు లేదు. నాకు హాయిగా అనిపించింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనిపించింది. మా ఇంటి మీద ఉన్న మచ్చ ఏదో నా చేత్తో తుడిచేసినట్టు అనిపించింది. పంపు ఇంకా ఎనిమిదేళ్లు నడుస్తుందని ప్రోగ్రామ్ చెప్పింది. ఆఫీసర్లు సంతోషించారు. కుర్రాడు తన పని ముగించుకొని వెళ్లిపోయాడు.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం, అన్నం తింటూ బాపు నన్ను అడిగాడు. అడగడానికి ఆయన చాలా రోజుల నుంచి ఆలోచిస్తున్నాడని అడిగిన తీరులోనే తెలిసింది.

“బిడ్డా, గా కంప్యూటర్ల నా అంకెలు ఎక్కినయా?”

ఎక్కాయని చెప్పాను.

“అన్నీనా?”

“అన్నీ ఎక్కినయి బాపు.”

ఆయన ముఖం విప్పారింది. అంతకు ముందు ఆయన్ను అంత తెరిపిగా చూసిన గుర్తు నాకు లేదు. రిటైర్ కావడానికి ఇంకా రెండేళ్లు ఉంది. ఈ లోపు సర్వీసు బుక్కులోని ఆ ఎర్ర సిరా మాట కొట్టేయమని దరఖాస్తు పెట్టుకోవాలని ఆయన కోరిక. ఇన్నేళ్లు తన మాటకు సాక్ష్యం లేదు. ఇప్పుడు కంప్యూటర్ ఉంది, అది ఎవరి పక్షమూ కాదు. ఆ పంపు దగ్గరున్నన్నాళ్లూ తన వారం తప్పకుండా ఒకే తేడా రాసిన మనిషి గుడ్డిగా రాయలేదని గీత చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఆ గీత కాగితం మీద తీసి ఇమ్మని అడిగాడు. ప్రింటర్‌కు రిబ్బన్ లేదన్నాను.

ఆ తర్వాత ఏడాదికి పైగా ఆయన ఆ కాగితం కోసం ఎదురుచూశాడు. నెలకోసారి, నా మొహం చూడకుండా, రిబ్బన్ వచ్చిందా అని అడిగేవాడు. ఒకసారి రాలేదన్నాను. ఒకసారి పెద్దసారు అనుమతి కావాలన్నాను. ఒకసారి విసుక్కున్నాను కూడా. నిజం చెప్పేద్దామని కొన్నిసార్లు నోటిదాకా వచ్చింది. కానీ షీట్లు పోయాయి, చుక్కలు పోయాయి, తిరిగి తెచ్చే దారి లేదు. మింగలేక కక్కలేక అలాగే ఉండిపోయాను. నా నౌకరీ పర్మనెంట్ చేసే ఫైలు కూడా అప్పుడే కదలడం మొదలైంది.

నెల తిరగ్గానే ఆ నెల షీట్లు నా దగ్గరికి వచ్చేవి. బాపు వారం రాగానే మీట నొక్కడం నాకు అలవాటైపోయింది, ఆలోచించేదాన్ని కూడా కాదు. రెండో ఏడు చలికాలంలో ఒకసారి నా చెయ్యి ఆగింది. తేడా ఆరు కాదు, ఎనిమిది ఉంది. తర్వాతి నెల పదకొండు. ఆ అంకెను కళ్లారా చూశాను. చదువుకున్న దాన్ని, అది మంచిది కాదని నాకు తెలుసు. అయితే ఇప్పుడు ఆ చుక్కల్ని ఉంచితే, ఇంతకాలం లేనివి ఒక్కసారిగా ఎక్కడి నుంచి వచ్చాయని అడుగుతారు. బాపు వయసు పెరిగింది, చూపు ఆనడం లేదేమో అని నాకు నేను చెప్పుకున్నాను. మీట నొక్కాను. రిజిస్టర్‌లో సంతకం చేశాను.

ఇంట్లో ఆయన తొణకకుండా ఉన్నాడు. పంపు జర ఎక్కువ గరమైతుందని ఒకటి రెండుసార్లు చిచ్చాతో అంటుంటే విన్నాను. ఆఫీసరుకు ఎందుకు చెప్పవు అని చిచ్చా అడిగాడు.

“ఇగ నేను నోరు తెర్సుడెందుకు భాయ్? కంప్యూటర్ చూస్తుంది గద. నా బిడ్డ కాడనే ఉన్నది” అన్నాడు బాపు.

నేను పక్క గదిలో ఉన్నాను. లేచి వెళ్లి చెప్పాల్సింది. చెప్పలేదు.

తర్వాతి నెల మూడో వారంలో, పొద్దున పది గంటలప్పుడు ఆ పంపు వెనక బేరింగు కరిగి ఇరుసును పట్టేసింది. నూనె పైపు తెగి, వేడి ఆవిరి పైపు మీద నూనె పడి మంట లేచింది. బాపు అప్పుడు ముందువైపు ఉన్నాడు. నూనె కారుతోందని ఆయనే పిలిస్తే వచ్చిన చిచ్చా వెనక సందులో ఉన్నాడు. బాపు తడి గోనెసంచులు పట్టుకొని లోపలికి దూరి ఆయన్ను ఈడ్చుకొచ్చాడు. చిచ్చా బతికాడు. కానీ రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. కరీంనగర్ ఆసుపత్రిలో రెండు నెలలు ఉన్నాడు. పంపు పక్కన బల్ల మీద ఉండే ఆ నెల షీట్లు మంటల్లోనే పోయాయి.

ఎంక్వయిరీకి పైనుంచి ముగ్గురు ఆఫీసర్లు వచ్చారు. మా కంప్యూటర్ గదిలోనే బల్ల వేసుకొని కూర్చున్నారు, ఏసీ అక్కడే ఉంది కాబట్టి. ఆ పంపు గీతను కాగితం మీద తీయమన్నారు. నేను తీశాను. పన్నెండేళ్ల పొడవునా గీత తిన్నగా, నునుపుగా ఉంది. నిన్నటిదాకా ఇంత చల్లగా ఉన్న బేరింగు ఇవాళ ఎలా కరిగిందన్నది వాళ్ల ప్రశ్న. కరగదు. కాబట్టి దగ్గరున్న మనిషి చూడకుండా రాశాడు. అంతకంటే వేరే దారి వాళ్లకు కనబడలేదు. మా ఆఫీసర్లలో ఆరు సంగతి తెలియనివాళ్లు లేరు. కానీ అది చెబితే ముందు బేరింగు సంగతీ, పై ముక్క చూసి మూసేసిన సంగతీ చెప్పాలి. అందరూ బల్ల మీద ఉన్న చాయ్ కప్పులు చూస్తూ కూర్చున్నారు.

బాపును పిలిచారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి రాగానే ముందు నన్ను చూశాడు. భయపడుతున్న మనిషిలా లేడు. ఇన్నేళ్లకు తన మాట వినే చోటు దొరికిందన్న ఆత్రం ఆయన ముఖంలో ఉంది. తాను రాసిన ప్రతి అంకె ఈ కంప్యూటర్‌లో ఉందని, మూడు నెలలుగా వేడి పెరుగుతోందని రాశానని చెప్పాడు.

“నా బిడ్డనే ఎక్కిచ్చింది సార్. దాన్ని అడుగుండ్రి.”

నడుమ కూర్చున్న ఆఫీసరు నా వైపు తిరిగి, అన్ని రీడింగులూ ఎక్కించావా లేదా అని అడిగాడు. ఆయన ముందు నా రిజిస్టర్ తెరిచి ఉంది, ప్రతి పేజీలో నా సంతకం ఉంది. నేను ఎక్కించానంటే బాపు అబద్ధాలకోరు అవుతాడు. ఎక్కించలేదంటే ఆ సంతకాలన్నీ అబద్ధం. ఆయన రెండోసారి అడిగాడు. నేను రిజిస్టర్‌లోని నా సంతకాలనే చూస్తూ నిలబడ్డాను.

బాపు బల్ల మీది కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. కింద తేదీలున్నాయి. తన వారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆయనకు నోటికి వచ్చు. ఒక వారం మీద వేలు పెట్టాడు. అక్కడ చుక్కలు లేవు, ఈ పక్క నుంచి ఆ పక్కకు ఒట్టి గీత ఉంది. మూడు వారాలు జరిపి ఇంకోచోట వేలు పెట్టాడు. అక్కడా అంతే. మూడోచోట వేలు ఆపి, తలెత్తి నన్ను చూశాడు. ఆయన చూపులో కోపం లేదు. ఏదో అర్థం చేసుకోవడానికి కష్టపడుతున్న మనిషి చూపు అది. ఆఫీసర్లకు అదేమీ తెలియలేదు. తర్వాత ఆయన కాగితాన్ని వాళ్ల వైపు తిప్పి పెట్టాడు.

“నేను రాయలే సార్. వెనకకు పోవుడు బంద్ చేసిన. అందరు రాసినట్టే రాసిన” అన్నాడు.

ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మన్నారు. బాపు నిలబడే, బల్ల మీదికి వంగి రాశాడు. ఆయన జీవితంలో తెలిసి తెలిసి తప్పు రాసింది ఆ ఒక్క కాగితమే. రికార్డులు నా దగ్గర ఉంటాయి కాబట్టి, కింద ‘రికార్డులతో సరిచూశాను’ అని రాసి సంతకం చేయమని కాగితం నాకిచ్చారు. బాపు చేతిరాత కింద ఆ రెండు మాటలూ రాశాను. సంతకం చేశాను.

ఆయన్ను సస్పెండ్ చేశారు. రిటైరయ్యే రోజు కూడా ఆయన లోపల లేడు. సర్వీసు బుక్కులో పాత ఎర్ర మాట కింద ఇంకొకటి చేరింది. నా నౌకరీ ఆ ఏడే పర్మనెంట్ అయింది. చిచ్చా ఆసుపత్రి నుంచి వచ్చాక, వేళ్లు ముడుచుకుపోయిన చేతులతో మా ఇంటికి వచ్చాడు. కాలనీలో అందరూ ఆ కాగితం గురించే చెప్పుకుంటున్నారు. ఆయన చాయ్ ముట్టకుండా బాపునే అడిగాడు, నువ్వు వెనకకు పోకపోవుడేంది, నీకు అబద్ధం చెప్పరాదు, ఎవరి కోసం చెప్తున్నవ్ భాయ్ అని. బాపు నేల చూస్తూ, యాది తప్పిన అన్నాడు. చిచ్చా లేచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. బాపు పోయినప్పుడు వచ్చాడు, దూరంగా నిలబడి వెళ్లాడు. అప్పుడైనా ఆయన దగ్గరికి వెళ్లి చెప్పాలనుకున్నాను. వచ్చినవాళ్లకు నీళ్లు అందిస్తూ ఉండిపోయాను.

ఎంక్వయిరీ రోజు మధ్యాహ్నం మేమిద్దరం కలిసి గేటు దాకా నడిచాం. భోజనం బెల్లు కొట్టారు, మనుషులు సైకిళ్ల మీద మమ్మల్ని దాటి పోతున్నారు. బాపు సైకిల్ నడిపించుకుంటూ నాకు ఒక అడుగు ముందు నడుస్తున్నాడు. తిడతాడని చూశాను. తిడితే కాళ్ల మీద పడి ఏడవొచ్చనుకున్నాను. బొగ్గు కన్వేయర్ దాటి, గేటు దగ్గరికి వచ్చాం. అక్కడ ఆయన ఆగి, నేను పక్కకు వచ్చేదాకా నిలబడ్డాడు.

“ముందుగాల్నే చెప్తే, నేను గాడ నీ పేరే తియ్యకపోతుంటి గద బిడ్డా” అన్నాడు.